ప్రభ దాటిన బడి అరుగు

మా ముత్తాత లక్ష్మీనరసయ్యగారు రొంపిచెర్ల దిగువన మా ఊరికి మున్సబు. ఆయన చావడిలో కూర్చున్నాక తగవు తేలకుండా ఎవరూ లేచి వెళ్ళేవారు కాదని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా తాత వెంకట నరసయ్యగారి కాలానికి మున్సబీ కంటే ప్రభ పెద్దరికమే ఎక్కువైంది. కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళకు మేడంత ఎత్తు వెదురు గడల చట్రంగా మా ఊరి ప్రభను కట్టి నిలబెట్టేది మా కళ్ళంలోనే, దాన్ని మోసేది మా టేకు బండే. నరసరావుపేటలో పెద్దరోడ్డు మీద మాకొక మేడ ఉండేది. కొండకు వెళ్ళే ప్రభ ఆ మేడ ముందు ఆగి తీరాలి. తాతగారు వీధి అరుగు మీద నిలబడి ఉంటే తొలి కొబ్బరికాయ కొట్టి, ఒక చెక్క ఆయన చేతిలో పెట్టిన తర్వాతే ప్రభ కదిలేది.

గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నా ఉద్యోగంలో నేను తలెత్తుకుని చెప్పుకోదగ్గ పని ఒకటి ఉంది. అది ఆ రోడ్డు మీద, ఆ మేడ ముందే జరిగింది. అందుకని ముందే చెప్పాను.

మా ఇంట్లో జీతానికి కుదిరిన మొదటివాణ్ణి నేను. పట్టణ రోడ్ల విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాను, ఆ పనిలోనే రిటైరయ్యాను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి సలహా అడుగుతుంటారు. వాళ్ళ కోసం నాలుగు మాటలు.

నడిచేవాళ్ళది కూడా

చదువుకునే రోజుల్లో రోడ్డంటే బండి నడిచేదని నేర్పారు. ఎంత బరువు లారీ, ఎంత మందం కంకర, నీళ్ళు ఎటు పారాలి అని లెక్కలు చెప్పారు. ఆ రోడ్డును అడ్డంగా దాటవలసిన మనిషి మా లెక్కలో ఎక్కడా లేడు. పట్నంలో చేరిన మొదటి రోజుల్లో నేను చూసింది మాత్రం ఆ మనిషినే. కూరగాయల గంప నెత్తిన పెట్టుకున్న మనిషి, చంకన బిడ్డతో ఆస్పత్రికి పోయే తల్లి, చేతికర్ర పట్టుకున్న పింఛను ముసలాయన. వీళ్ళు రోడ్డు అంచున నిలబడి ఎడమకూ కుడికీ చూస్తూ, ఒక అడుగు ముందుకు వేసి మళ్ళీ వెనక్కి తీస్తూ ఉండేవారు. మిరపకాయ బస్తాల లారీలు, సున్నపురాయి టిప్పర్లు, ఆటోలు వీళ్ళ కోసం ఆగవు. మన పని సగం ఆ వెనక్కి తీసిన అడుగును చూడడమే. అది ఎక్కడ పడుతోందో తెలుసుకుంటే మిగిలిన సగం డ్రాయింగు మీద తేలుతుంది.

గడ్డలు

నా మొదటి పై అధికారి పేరు రాయను. నిజాయితీపరుడు, కష్టజీవి. కాని ఆయన దగ్గర అన్ని జబ్బులకూ ఒకటే మందు. ప్రమాదం జరిగిందా, స్పీడు బ్రేకరు వెయ్యండి. జనం కూడా అదే అడిగేవారు. బండి ఎవరినైనా గుద్దితే ఊరివాళ్ళు రోడ్డు మీద బైఠాయిస్తారు. గడ్డ వేస్తామని మేము ఒప్పుకునేదాకా లేవరు. ఒప్పుకున్న మాట నిలబెట్టుకోవడానికి తట్టల్లో తారు మోయించి, మధ్యాహ్నానికల్లా గేదె వీపంత గడ్డ పోయించేవాళ్ళం. దానికి కొలత లేదు, తెల్ల రంగు లేదు, ముందు బోర్డు లేదు. కోపం చల్లారడమే దాని కొలత.

అచ్చంపేట రోడ్డులో అలాంటి గడ్డ ఒకటి పడింది. మిరప కోతకు ఆడకూలీలను ఎక్కించుకున్న ఆటో వేగంగా వచ్చి దాని మీద ఎగిరింది. వెనక అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఒకామె కింద పడి తుంటి విరగ్గొట్టుకుంది. నేను ఆస్పత్రికి వెళ్ళి పలకరిస్తే ఆమె నా ఇస్త్రీ చొక్కా వంక చూసి అడిగింది.

"గడ్డ ఏపిచ్చింది మీరేనా?"

"మా ఆఫీసే అమ్మా."

"బండ్లు ఆపటానికి ఏశారా, మమ్మల్ని కింద పడెయ్యటానికి ఏశారా అయ్యా? ముందు రంగన్నా పుయ్యొచ్చుగా!"

కొత్తవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఇదే: స్పీడు బ్రేకరు శిక్ష కాదు. తప్పు చేసిన డ్రైవరు కంటే వెనక కూర్చున్న కూలీమనిషి నడుముకే ఆ దెబ్బ ఎక్కువ తగులుతుంది. కనపడని గడ్డ కంటే గడ్డ లేని రోడ్డు నయం.

సున్నం చల్లిన డీఈ

కమలకుమారి గారు మాకు డిప్యూటీ ఇంజనీరుగా వచ్చేనాటికి నా తల సగం నెరిసింది. ఆమెది గురజాల వైపు. నాకంటే చిన్నది. ఆమె కింద పని చెయ్యడానికి నాకు మొదట్లో మనసొప్పలేదు. అది కొద్దిరోజులే. అంత మంచి ఇంజనీరును నేను మళ్ళీ చూడలేదు.

ఆమె పద్ధతి వేరు. ఏ కూడలికి వెళ్ళినా జీపు దూరంగా ఆపించి, నడుచుకుంటూ వచ్చేది. పిడుగురాళ్ళ బట్టీల నుంచి తెప్పించిన సున్నం పొడి సంచి తెల్లవారుజామున విప్పించి, రోడ్డంతా పలచగా చల్లించేది. సాయంత్రానికి చక్రాలు తిరిగిన మేర నల్లగా తేలేది. చక్రం తొక్కని చోట సున్నం అలాగే తెల్లగా మిగిలి ఉండేది.

"చూశారా నరసింహం గారూ, ఈ తెల్లగా ఉన్నదంతా బండ్లకు అక్కర్లేని రోడ్డు. మనం ఊరికే వాళ్ళకిచ్చేశాం. దీన్ని నడిచేవాళ్ళకు తిరిగి ఇచ్చేద్దాం" అనేది.

ఆ తెల్ల భాగం మేరకు ఫుట్‌పాత్‌ను ముందుకు జరిపితే దాటవలసిన దూరం తగ్గుతుంది. రోడ్డు సన్నబడితే డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీదకు వెళ్తుంది. ఇంత సులువైన సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆమె రెండో నియమం: జనం ఎక్కడ దాటుతున్నారో అక్కడే దాటనివ్వాలి, మనకు అనువైన చోట కాదు. అది తెలుసుకోవడానికి నన్ను టీ కొట్టు పక్కన ఇటుకల మీద కూర్చోబెట్టింది. మా వంశంలో రోడ్డు పక్కన ఇటుక మీద కూర్చున్న మొదటివాణ్ణి కూడా నేనే. తెలిసినవాళ్ళు నమస్కారం పెట్టి పోతుంటే మొదట మొహం తిప్పుకున్నాను. రెండో రోజు నుంచి ప్రతినమస్కారం పెట్టాను.

తిరునాళ్ళకు తవ్వడం

మా మేడ అమ్మకమయ్యాక చేతులు మారి చివరకు ఆడపిల్లల హాస్టలైంది. బడి రోడ్డుకు అవతల ఉంది. పొద్దున బడికి, మధ్యాహ్నం అన్నానికి, మళ్ళీ బడికి, సాయంత్రం తిరిగి హాస్టలుకు పిల్లలు ఆ పెద్దరోడ్డు దాటాలి. బడి హెడ్‌మిస్ట్రెస్ రహమత్ బీ గారు ఎండైనా వానైనా నల్ల గొడుగు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి పిల్లల్ని దాటించేవారు. లారీ డ్రైవర్లు ఆమెను గొడుగు మేడం అనేవారు.

ఆ రోడ్డుకే ఒక ఆనవాయితీ ఉంది. ప్రభలు కొండకు వెళ్ళేది ఆ దారినే. మేడల కంటే ఎత్తైన ప్రభ, నాలుగు వైపులా మోకులు పట్టుకున్న జనం, కింద ట్రాక్టరు. దానికి కరెంటు తీగలు అడ్డమైతే తీగలు విప్పుతారు. అంతవరకు బాగానే ఉంది, తిరునాళ్ళయిన తెల్లారి తీగలు మళ్ళీ కడతారు. మేము వేసిన డివైడరూ, స్పీడు బ్రేకర్లూ కూడా అడ్డమే కాబట్టి శివరాత్రికి ముందు జేసీబీ పెట్టి తవ్వేసేవాళ్ళు. ఇవి మాత్రం మళ్ళీ ఎవరూ కట్టరు. తీగ కట్టకపోతే ఊరు చీకటైపోతుంది కాబట్టి అందరికీ గుర్తుంటుంది. డివైడరు లేకపోతే దెబ్బ తగిలినవాళ్ళకే గుర్తుంటుంది.

ఒక ఏడు అలాగే తవ్వి వదిలేసిన చోట, పదో తరగతి చదివే నాగమణి అనే కారంపూడి పిల్లను మోటారు సైకిలు గుద్దింది. కాలు మూడు నెలలు కట్లలో ఉంది. పరీక్షలు పోయాయి. ప్రమాదం జరిగిన వారమంతా తల్లిదండ్రులు పెట్టెలు సర్దుకుని పిల్లల్ని ఇళ్ళకు తీసుకుపోయారు. రహమత్ గారు మా ఆఫీసుకు వచ్చి, కుర్చీ చూపినా కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

"ఇంటికిపోయిన ఆడపిల్ల మళ్ళీ బడికి రాదు సార్. పెళ్ళి చేసేస్తారు. నాగమణి వాళ్ళ నాన్న వచ్చే ఏడు పంపుతానన్నాడు. రోడ్డు బాగుచేస్తే పంపుతానన్నాడు. ఆ మాట పట్టుకొని వచ్చా."

కమలకుమారి గారు లేచి నిలబడి, "మాటిస్తున్నాను మేడం" అన్నది.

అరుగు

మేము అక్కడ గడ్డ వెయ్యలేదు. ఈ ఫుట్‌పాత్ నుంచి ఆ ఫుట్‌పాత్ దాకా రోడ్డునే ఎత్తు చేసి, పైభాగం చదునుగా, అరుగులాగా కట్టించాం. పిల్లలు దిగి ఎక్కే పని లేకుండా సమానంగా నడిచిపోతారు. బండే ఎక్కి దిగాలి. రెండు వైపులా సున్నం చూపిన మేర ఫుట్‌పాత్ ముందుకు జరిపి, అంచున ఇనప గుంజలు పాతించాం. ఊరు దానికి బడి అరుగు అని పేరు పెట్టింది. బండ్లు నెమ్మదించాయి. నాగమణి తిరిగి వచ్చింది, కొంచెం కుంటుతూ. ఆమెతోపాటు మిగిలిన పిల్లలూ వచ్చారు.

శివరాత్రి దగ్గర పడుతుండగా మా ఊరి నుంచి సాంబయ్య మామ పదిమందిని వెంటపెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. రక్తసంబంధం కాదు, ఊరి వరస. మా తాత తర్వాత ప్రభ బాధ్యత మోస్తున్నది ఆయనే.

"ఏంది అబ్బాయ్, మీ తాత ప్రభ నడిపిచ్చిన రోడ్డుకు నువ్వు అడ్డం కట్టిచ్చావంట?"

"అడ్డం కాదు మామా. పిల్లలు దాటటానికి."

"పిల్లలు దాటతారు సరే. ప్రభ ఎట్టా దాటిద్ది? కింద జానెడు లేస్తే పైన మడిసంత ఊగిద్ది. పడిందంటే ఊరికి ఎంత చేటో నీకు చెప్పాలా? మున్సబుగారి మనవడివి గదా!"

వెనక నుంచి ఒకడు, "మనవడు కాదులే, ఆఫీసరు" అన్నాడు. అందరూ నవ్వారు.

"తవ్విచ్చు అబ్బాయ్. ఏటా తవ్వేదే గదా. తిరునాళ్ళయినాక మళ్ళీ కట్టుకోండి."

"తవ్వింది మళ్ళీ కట్టటం ఎప్పుడన్నా చూశావా మామా?"

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని వెనుదిరిగాడు. ఊళ్ళో మాకు మిగిలిన మర్యాద ఆ ప్రభ దగ్గరే ఉంది. ఇప్పటికీ ప్రభకు మొదటి గడ కట్టేటప్పుడు మా ఇంటి పేరు పిలుస్తారు. అరుగు నిలబెడితే ఆ పిలుపు పోతుందని ఆయన అనలేదు. అనవలసిన పనీ లేదు.

కళ్ళంలో

నేను విషయం చెప్పగానే కమలకుమారి గారు, "మీ ఊరు తీసుకెళ్ళండి" అన్నది. మా పాత కళ్ళంలో ప్రభ గడలు పరిచి ఉన్నాయి. ఆమె చెప్పులు దూరంగా విడిచి, వెదుళ్ళ పక్కన సాంబయ్య మామకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"బాబాయ్ గారూ, మాదీ ప్రభలు కట్టే ఊరే. చిన్నప్పుడు మోకు పట్టుకుంటానంటే తోలేశారు, ఆడపిల్లవన్నారు. ఆ కోపం ఇంకా ఉంది నాకు."

సాంబయ్య మామ నవ్వాపుకోలేకపోయాడు. "అయితే ఆ కోపంతోనే కట్టిచ్చినావా అమ్మాయ్, మాకు అడ్డంగా?"

"కాదు. దోవలో కాలవ కల్వర్టు ఉంది గదా, దాని మీద ప్రభ ఎట్టా ఎక్కిద్ది?"

"అది నిదానంగా లేచిద్దమ్మా. దూరం నుంచే వాలు. మోకులోళ్ళు ఎనక్కి లాగతా, ముందుకు వదలతా సర్దుకుంటారు. మీ అరుగు గోడ లేచినట్టు లేచిద్ది."

"వాలు కల్వర్టంత పొడుగు చేసిస్తా. పైన చదును మీ ట్రాక్టరూ తొట్టీ మొత్తం పట్టేంత చేసిస్తా. సరేనా?"

"మరి గుంజలు? వెడల్పు చాలదు."

"గుంజల్ని గొట్టాల్లో దింపి తాళం పెడతాం. ఆ పూట పీకెయ్యొచ్చు. అయితే నాదొక షరతు. మా వాళ్ళు పీకరు. మీరే పీకాలి, మళ్ళీ మీరే పెట్టాలి. మర్నాడు బడి గంట కొట్టేలోపల."

మామ గడ మీద చెయ్యి వేశాడు. "పెడతాం" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పూచీ ఉంటావా అబ్బాయ్?" అన్నాడు.

"ఉంటాను" అన్నాను.

వాలు పొడుగైతే బండ్ల వేగం పెరగదా అని తోవలో అడిగాను. "వేగాన్ని ఆపేది ఇప్పుడు వాలు కాదు, రోడ్డును ఇరుకు చేసే గుంజలు. అవి మళ్ళీ నిలబడితేనే మన మాట నిలబడినట్టు" అన్నది. ఒక మేలు కోసం ఇంకొకటి వదులుకోవలసి వచ్చినప్పుడు, దేన్ని వదులుతున్నామో ఆమెకు స్పష్టంగా తెలిసేది. ఇంజనీరుకు అంతకు మించిన గుణం లేదు.

ఆ రోజు

ఒప్పుకున్నట్టే వాలు, గుంజలు మార్చాం. శివరాత్రి నాడు మా ఊరి ప్రభ పెద్దరోడ్డు మలుపు తిరిగింది. డప్పుల మోతకు హాస్టలు కిటికీలు అదురుతున్నాయి. మామ మనుషులు గుంజలు పీకేశారు. ట్రాక్టరు వాలు ఎక్కడం మొదలుపెట్టగానే ప్రభ వెనక్కి వాలింది. "ముందు మోకు! ముందు మోకు వదలమాకండ్రా!" అని మామ గొంతు చించుకుంటున్నాడు. నా పక్కన కమలకుమారి గారు చక్రాల కింది వాలు వంకే చూస్తూ నిలబడింది. ప్రభ నెమ్మదిగా సర్దుకుని, అరుగు మీదికి వచ్చి నిటారుగా నిలబడింది.

మామ చెయ్యెత్తి ట్రాక్టరును ఆపించాడు. మోకులోళ్ళు చేతులు దులుపుకున్నారు, నీళ్ళు తాగారు, వదులైన ముళ్ళు బిగించారు. ఆ దారిలో అంత చదునైన చోటు ఇంకొకటి లేదు. మామ కొబ్బరికాయ తెప్పించి మా పాత మేడ ముందు, అరుగు మీదే కొట్టాడు. ఒక చెక్క పట్టుకుని మా వైపు వచ్చాడు. నేను నిలువుగా నిలబడ్డాను.

"నీకు కాదులే అబ్బాయ్" అని, చెక్క కమలకుమారి గారి చేతిలో పెట్టాడు.

మా తాత తర్వాత ఆ చోట ఆ చెక్క అందుకున్నది ఆమే. తగిన చేతికే వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే నేను బడి దగ్గరకు వెళ్ళాను. గుంజలు లేవు. గొట్టాల నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తిరునాళ్ళ నుంచి తిరిగి వచ్చే బండ్లు వెడల్పయిన రోడ్డు మీద దూసుకుపోతున్నాయి. రహమత్ గారు గొడుగు తీసుకుని రోడ్డు మధ్యలోకి వెళ్ళారు. హాస్టలు గుమ్మంలో పిల్లలు బారులు తీరి ఉన్నారు. అందరికంటే ముందు నాగమణి ఒక అడుగు ముందుకు వేసి, వెనక్కి తీసింది.

"సార్, మీవాళ్ళు వస్తారా?" అని రహమత్ గారు అక్కడి నుంచే అరిచి అడిగారు.

"వస్తారు" అన్నాను. మా ముత్తాత మాట మీద చావడి లేచేదని విన్నాను. ఆ పొద్దున నా మాట మీద బడి ఆగి ఉంది.

గంటకు ఇంకా కాస్త టైముందనగా కొండ వైపు నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. జాగరణతో ఎర్రబడ్డ కళ్ళతో మామ ఇంజను పక్కన కూర్చుని ఉన్నాడు. తొట్టిలో గుంజలు. ఒక్కొక్క దానికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది.

"ఇవి కొండకెందుకు పోయినయ్ మామా?" అని అరిచాను.

"ఎవడో ఎదవ బరువుకని ప్రభ అడుగున ఏశాడు అబ్బాయ్! కొండ కాడ చూసుకున్నా. తీద్దామంటే ఆడోళ్ళు అప్పటికే బొట్లు పెట్టి దణ్ణాలు పెడతన్నారు. ఇప్పుడు ఇసక బస్తాలేసి వీటిని తెచ్చా. ఒకటి చెప్పనా? ఈసారి ప్రభ అసలు ఊగలా. వచ్చే ఏడు కూడా ఇయ్యే కావాల!"

"వచ్చే ఏడు కూడా గంటలోపల తెస్తేనే ఇచ్చేది" అన్నారు రహమత్ గారు గొడుగు దించకుండానే.

"తెస్తాంలే తల్లీ, గొడుగు తియ్యి, పని చేసుకోనియ్యి."

వాళ్ళు గుంజలు దింపి తాళాలు వేశారు. ఒక లారీ దూరం నుంచే వేగం తగ్గించి, అరుగు ముందు ఆగింది. గంట కొట్టారు. నాగమణి పరుగెత్తకుండా, అటూ ఇటూ చూడకుండా, మామూలుగా నడిచి రోడ్డు దాటింది. మనం కట్టింది బాగుందో లేదో చెప్పేది ఆ మామూలు నడకే. మీరు ఏది కట్టినా దాన్ని చూసి తెలుసుకోండి.

అరుగు ఇప్పటికీ ఉంది. మా ఊరి ప్రభ ఏటా దాని మీద ఆగుతుంది. గుంజలు ఏటా కొండకు వెళ్ళి పసుపుతో తిరిగి వస్తాయి. కమలకుమారి గారు బదిలీ మీద వెళ్ళిపోయింది. మొదటి గడకు మా ఇంటి పేరు ఇంకా పిలుస్తున్నారు. పాత పెద్దరికంలో మాకు మిగిలింది ఆ పిలుపే. మేడను మా నాన్నగారు అమ్మారు. కళ్ళాన్ని, అందులో ఉన్న టేకు బండితో సహా, నేను రిటైరైన ఏడాది అమ్మేశాను.